పాత క్యాసెట్లలో హాస్య నాటికలు, వాటిని బయటికి తీసిన తంటాలు

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామనుకునే వాళ్లకు నేను ముందు చెప్పేది ఒకటే. ఆన్‌లైన్‌లో దొరికే కొత్త యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ జోలికి పోకండి. ఆ క్యాసెట్లు ఏ టేప్‌రికార్డర్ మీద నింపారో అది అటక మీద ఇంకా ఉంటే దాన్నే బాగు చేయించండి. ఎందుకో తర్వాత చెప్తాను.

మాది విశాఖలో మల్కాపురం. ఎనభైల్లో మా ఇంట్లోకి వచ్చిన టూ-ఇన్-వన్ (రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన సెట్టు) ఓడల్లో పనిచేసే మావయ్య తెచ్చినది. సినిమా పాటల క్యాసెట్లు బజార్లో ఎలాగూ దొరికేవి. రేడియో నాటిక అలా కాదు, ఒకసారి వచ్చిందంటే మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలీదు. అందుకే ఇంట్లోని ఖాళీ క్యాసెట్లన్నీ హాస్య నాటికలకే కేటాయించేవారు నాన్న. విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మీద గట్టిగా పట్టేది. విజయవాడ మాత్రం చీకటి పడ్డాకే. రేడియో నటుడు నండూరి సుబ్బారావు గారి గొంతు ఉన్నట్టుండి దగ్గరికొచ్చి, అసలు మాట దగ్గర దూరమైపోయేది. రాత్రిపూట వివిధ భారతిలో హవా మహల్ అనే హిందీ నాటికల కార్యక్రమం. నాకు హిందీ సగమే అర్థమయ్యేది, అయినా నవ్వేవాణ్ణి. అది పదిహేను నిమిషాల కార్యక్రమం కాబట్టి సి-60 (రెండు వైపులా కలిపి అరవై నిమిషాల క్యాసెట్) ఒక వైపు రెండు పట్టేవి. విశాఖలో రేడియో కేంద్రం మొదలైందీ, ఫిలిప్స్ వాళ్లు బెర్లిన్‌లో ఈ క్యాసెట్‌ను మొదటిసారి చూపించిందీ ఒకే ఏడు, 1963లో. ఆ రెండూ మా ఇంట్లో కలుసుకోవడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

రికార్డు చేయడమంటే బటన్ నొక్కి కూర్చోవడం కాదు. క్యాసెట్ మొదట్లో కొన్ని సెకన్లు ఉత్త ప్లాస్టిక్ ముక్కే ఉంటుంది, దాని మీద ఏమీ ఎక్కదు. ముందుగా దాన్ని దాటించి, పాజ్ నొక్కి ఉంచి, రికార్డు, ప్లే రెండూ కలిపి నొక్కాలి. అనౌన్సర్ నాటిక పేరు చెప్పబోయే క్షణంలో పాజ్ వదలాలి. మీడియం వేవ్‌లో రికార్డు చేస్తుంటే ఒక్కోసారి సన్నటి ఈల వినిపిస్తుంది. రికార్డింగ్ కోసం సెట్టు లోపల పుట్టే బయాస్ సిగ్నలూ స్టేషన్ సిగ్నలూ పెనవేసుకోవడం వల్ల వచ్చే ఈల అది. దాన్ని తప్పించడానికే వెనక చిన్న స్విచ్ ఉండేది. ఆ స్విచ్ దేనికో తెలిసినవాళ్లు మా వీధిలో నాన్న ఒక్కరే. ఆయన ట్యూబ్‌లైట్ ఆర్పించేసేవారు, సెట్టును అటూ ఇటూ తిప్పి గరగర తగ్గే దిక్కు చూసేవారు. అయిపోగానే క్యాసెట్ వీపున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కల్లో ఆ వైపుది విరిచేసేవారు. ఇక దాని మీద ఎవరూ రికార్డు చేయలేరు. ఆ రంధ్రానికి సెల్లోటేపు అంటించి, మంచి నాటిక మీద పెళ్లి పాటలు ఎక్కించిన బంధువులు ఉన్నారు. వాళ్ల సంగతి ఇప్పుడొద్దు.

పెన్సిలుతో రీలు చుట్టడం గురించి అందరూ రాసేశారు, నేను రాయను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి గది నిండా నీళ్లు. క్యాసెట్ల పెట్టె ఇనుప బీరువాలో ఉండి తడవలేదు గానీ, చెమ్మ మాత్రం పట్టేసింది. ఈ మధ్య అమ్మ ఆ నాటికలు వినాలని ఉందంది. తీసి చూస్తే కొన్ని రీళ్ల అంచున తెల్లటి బూజు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో బూజు పట్టకపోతేనే ఆశ్చర్యం.

సెట్టు ఆన్ చేస్తే మోటారు తిరిగిన చప్పుడు వచ్చింది, క్యాసెట్ మాత్రం కదల్లేదు. అల్లిపురంలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. "ఏటండీ బాబూ, ఇదింకా ఉంచారా?" అని నవ్వి మూత విప్పారు. లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయి ఉంది. ఆ జిగురంతా స్పిరిట్‌తో తుడవడానికే సగం పూట పట్టింది. కొత్త బెల్టు వేశారు, గట్టిపడిపోయిన రబ్బరు రోలర్ మార్చారు, టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డు శుభ్రం చేశారు.

తర్వాత స్పీడు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. మోటారు వెనక చిన్న రంధ్రంలో స్క్రూ ఉంటుంది, స్పీడు దానితోనే సరిచేయాలి. ఒక నాటిక తర్వాత నాన్న రికార్డు చేసిన సినిమా పాట ఉంది. అదే పాటను ఫోన్‌లో వెతికి, స్టాప్‌వాచ్ పెట్టి, రెండూ ఒకేసారి ముగిసేదాకా స్క్రూ తిప్పాం.

ఇప్పుడు ఆ పాత సెట్టే ఎందుకో చెప్తాను. హెడ్డు టేపుకు ఏ కోణంలో ఉండగా రికార్డయిందో, వినేటప్పుడూ అదే కోణంలో ఉండాలి. కాస్త వాలినా పై శబ్దాలు పోతాయి, 'స', 'శ' అక్షరాలు మొద్దుబారి నోట్లో గుడ్డ కుక్కి మాట్లాడినట్టుంటుంది. నింపిన సెట్టు మీదే వింటే ఆ కోణం సాధారణంగా కుదురుతుంది. మావయ్య వేరే సెట్టులో నింపి ఇచ్చిన క్యాసెట్లు కుదరలేదు. హెడ్డు పక్కన ఉన్న చిన్న స్క్రూను, నాటిక నడుస్తుండగా, వెంట్రుకవాసి తిప్పుతూ 'స' స్పష్టంగా పలికే చోట ఆపాలి. మన సొంత క్యాసెట్లన్నీ ముందు ఎక్కించేసుకున్నాకే ఆ స్క్రూను ముట్టుకోవాలి.

బూజు పట్టినవాటిని బాగుచేసిన సెట్టులో పెట్టనివ్వలేదు ఆయన. క్యాసెట్ పై డొక్కు స్క్రూలతో బిగించినదైతే విప్పి, రీళ్లు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, వేరే డొక్కులోకి మార్చాం. టేపును హెడ్డుకు అదిమిపట్టే చిన్న మెత్త ఊడిపోయిన క్యాసెట్లకూ ఇదే వైద్యం. బాగున్నవాటిని కూడా చివరిదాకా ఒకసారి చుట్టి, వెనక్కి చుట్టాకే ప్లే చేయాలి. ఏళ్ల తరబడి కదలని పొరలు కాస్త విడిపోతాయి.

లాప్‌టాప్‌కు బయటి శబ్దం తీసుకునే లైన్-ఇన్ లేదు కాబట్టి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్నాను. శబ్దాన్ని రికార్డు చేసి సరిదిద్దే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితం. మోనోలో, 44,100 హెర్ట్జ్, 16 బిట్లతో ఎక్కిస్తే నిమిషానికి అయిదు ఎంబీకి కాస్త ఎక్కువ.

అసలు చిక్కు ఆ తర్వాతే. మా అబ్బాయి సాయం చేస్తానని బుస్సుమనే శబ్దమంతా తీసేసి, మాటల మధ్య ఖాళీలు కత్తిరించి ఒక నాటిక ఇచ్చాడు. అందులో ఇంటాయన అడుగుతాడు: "అద్దె ఎప్పుడిస్తావయ్యా?" ఒరిజినల్‌లో ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. కుర్చీ జరిపిన చప్పుడు. అప్పుడు జవాబు: "తొందరపడకండి. నేను పడుతున్నానా?" కత్తిరించిన దాంట్లో ప్రశ్న వెంటనే జవాబొచ్చేసింది. అమ్మ నవ్వలేదు, "వాడేంటి అంత తొందరగా మాట్లాడుతున్నాడు?" అంది. రేడియోలో ముఖం కనబడదు. ఇంటాయన ముఖం ఎర్రబడటం, కిరాయిదారు నేల చూపులు చూడటం అన్నీ ఆ ఖాళీలోనే జరగాలి. స్పీడు సరిచేయడానికి అంత తంటాలు పడింది కూడా ఇందుకే. బెల్టు జారి టేపు నెమ్మదిస్తే పాట శ్రుతి తప్పుతుంది, అంతే. నాటికలో జోకే పోతుంది.

కాబట్టి బుస్సుమనే శబ్దాన్ని కాస్త తగ్గించాను తప్ప పూర్తిగా తీయలేదు. ఖాళీలు ముట్టుకోలేదు. విజయవాడ నాటికల్లో గొంతు దూరమైపోయే చోట్ల మాత్రం వాల్యూమ్ కొంచెం పెంచాను. మరీ పెంచితే మాటతో పాటు గరగరా పైకొస్తుంది.

ఇప్పటికి సి-60లు, సి-90లు దాదాపు అయిపోయాయి. అక్కకు, మావయ్యకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. మావయ్య తను నింపిన క్యాసెట్లే ఎక్కువ బాగున్నాయంటాడు, నేనొప్పుకోను. మిగిలినవి సి-120లు. ఎక్కువసేపు రావాలని మరీ పలచటి టేపు వాడతారు వాటిలో, అది సాగుతుంది, రోలర్‌కు చుట్టుకుంటుంది. గాలిలో ఇంత చెమ్మ ఉన్నప్పుడు వాటిని కదపొద్దన్నారు అల్లిపురం పెద్దాయన. వానలు తగ్గాక, ఆయన పక్కన ఉండగానే పెడతాను.