ఒక్కో పనికి ఒక్కో పాత గిటార్

సెకండ్ హ్యాండ్ గిటార్ చేతికి రాగానే నేను దాని పేరూ రంగూ చూడను. ముందు ఒక కన్ను మూసి, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే తల) వైపు నుంచి నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి మెడ) పొడవునా చూస్తాను. నెక్ కాస్త ముందుకు వంగి ఉంటే ఫర్వాలేదు, నెక్ లోపలుండే ఇనప కడ్డీ, ట్రస్ రాడ్, తిప్పితే సర్దుకుంటుంది. ఆ రాడ్ నట్ ఇంకా తిరిగే స్థితిలో ఉందో, లేక ఎవరో ఇప్పటికే చివరిదాకా బిగించేశారో కూడా చూసుకోవాలి. నెక్ మెలి తిరిగి ఉంటే, అంటే లావు తీగ వైపు అంచు ఒక దారినా, సన్న తీగ వైపు అంచు ఇంకో దారినా పోతూ ఉంటే, అది ఎంత చవగ్గా వచ్చినా తీసుకోను. పికప్ (తీగ కదలికను పట్టే అయస్కాంతపు భాగం), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం), ట్యూనర్లు, స్విచ్, జాక్ అన్నీ మార్చుకోవచ్చు. మెలి తిరిగిన నెక్‌తో మాత్రం వేగలేం.

ఖరీదైన గిటార్ ఒకటి కొనుక్కుంటే సరిపోదా, ఇన్ని పాతవి ఎందుకు అని అడుగుతుంటారు. బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల నుంచి వచ్చిన సంగీతం, వాయించేవాళ్లకు సరిపోదనే నా నమ్మకం. ఈ సంగీతంలో బెండ్‌కి, అంటే తీగను వేలితో పక్కకు లాగి స్వరం పెంచడానికి, ఒక రకం గిటార్ కావాలి. స్లైడ్‌కి, అంటే తీగ మీద గాజు గొట్టం జార్చి వాయించడానికి, దానికి పూర్తిగా ఎదురు రకం కావాలి. ఒకే గిటార్‌తో రెండూ చేద్దామంటే రెండూ సగం సగమే అవుతాయి. పైగా ఖరీదైన గిటార్ మీద ఆకురాయి పెట్టాలంటే చెయ్యి రాదు. చవకదైతే దాన్ని ఒకే పనికి అంకితం చేసి, ఆ పనికి తగ్గట్టు కోయొచ్చు, అరగదీయొచ్చు, ఓపెన్ ట్యూనింగ్‌లోనే (ఏమీ నొక్కకుండా మీటినా ఒక కార్డ్ పలికే శ్రుతి) ఏళ్ల తరబడి వదిలేయొచ్చు.

బ్లూస్ చరిత్ర కూడా ఇదే మాట చెబుతుంది. లెడ్ బెల్లీ పన్నెండు తీగల గిటార్ స్టెల్లా కంపెనీది, ఆ రోజుల్లో సామాన్యులు కొనగలిగిన రకం. జిమ్మీ రీడ్ వాయించిన కే కంపెనీ థిన్ ట్విన్ కూడా పెద్ద హోదా ఉన్న గిటారేం కాదు. ఎల్మోర్ జేమ్స్ కే కంపెనీ అకౌస్టిక్ గిటార్‌కే పికప్ తగిలించుకుని స్లైడ్ వాయించాడు. హౌండ్ డాగ్ టేలర్ చేతిలో ఉండేది జపాన్‌లో తయారైన చవక ఎలక్ట్రిక్ గిటార్. 1971లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్ వింటే ఆ గిటార్, యాంప్ (యాంప్లిఫయర్) నుంచి వచ్చే ఆ పగిలిన శబ్దం లేకుండా ఆ పాటల్ని ఊహించుకోలేం. డాన్ఎలెక్ట్రో గిటార్లయితే చెక్క చట్రం మీద మేసొనైట్ అట్ట బిగించి చేసినవి. వాటి పికప్‌లకు తొడుగు లిప్‌స్టిక్ గొట్టాలే. సియర్స్ కంపెనీ వాటినే సిల్వర్‌టోన్ పేరుతో అమ్మేది. వీళ్లు దొరికిన గిటార్‌తో సర్దుకున్నారని చాలామంది రాస్తారు. నాకలా అనిపించదు. ఆ గిటార్ దేనికి పనికొస్తుందో కనిపెట్టి, దాని చేత ఆ పనే చేయించారు.

నా బెండ్ గిటార్ స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) ఆకారంలోది. బ్లూస్‌లో గమకమంతా బెండ్‌లోనే ఉంది. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఒకచోట తీగను ఆపాలి. ఆ చోటు పియానోలో లేదు, ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మీద కూడా లేదు, వేలితో లాగితేనే వస్తుంది. కాబట్టి తీగ ఫ్రెట్ మీద అడ్డంగా జారడానికి ఏ అడ్డమూ ఉండకూడదు. ఈ గిటార్ వచ్చినప్పుడు పన్నెండో ఫ్రెట్ పైన ఒకటో తీగ లాగితే స్వరం మధ్యలోనే చచ్చిపోయేది. మూడు ఫ్రెట్ల మీద ఆనేలా చిన్న స్టీల్ స్కేల్ పెట్టి ఊపి చూశాను. పద్నాలుగో ఫ్రెట్ దగ్గర టక్ టక్ మంది. ఆ ఫ్రెట్ లేచి ఉంది.

అలాంటప్పుడు చేసే పని నాకు చాలా ఇష్టం. తీగలు తీసేసి, ట్రస్ రాడ్‌తో నెక్‌ని వీలైనంత నిటారుగా సర్ది, ఫింగర్‌బోర్డ్ చెక్క కనిపించకుండా మాస్కింగ్ టేప్ అంటిస్తాను. ప్రతి ఫ్రెట్ నెత్తి మీదా నల్ల మార్కర్ పూస్తాను. వంకర లేని ఇనప పట్టీకి 400 నంబర్ శాండ్ పేపర్ అతికించి, బరువు వేయకుండా నెక్ పొడవునా రుద్దుతాను. లేచి ఉన్న ఫ్రెట్ల మీద నలుపు ముందు పోతుంది, పల్లంలో ఉన్నవాటి మీద మిగులుతుంది. అన్నిటి మీదా పోయేదాకా రుద్దాలి, అక్కడితో ఆపాలి. ఇప్పుడు ఫ్రెట్ల నెత్తి బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి మళ్లీ మార్కర్ పూసి, క్రౌనింగ్ ఫైల్‌తో రెండు పక్కలా గుండ్రంగా దిద్దుతాను. మధ్యలో దారమంత సన్నని నల్ల గీత మిగిలితే దిద్దుడు సరిగ్గా వచ్చినట్టు. ఆ తర్వాత 600, 1000, 2000 నంబర్ కాగితాలతో మెరుగు. ఈ మెరుగు దగ్గర తొందరపడొద్దు. బెండ్ చేసేటప్పుడు వేలి కింద గరగరమనే ఆ సన్నని గీకుడు పోయేది ఇక్కడే.

లేచిన ఫ్రెట్లు లేకపోయినా బెండ్ చచ్చిపోతుందంటే ఫింగర్‌బోర్డ్ వంపు చూడండి. పాతకాలం ఫెండర్ గిటార్ల వంపు 7.25 అంగుళాల రేడియస్. అంత గుండ్రటి బోర్డ్ మీద సన్న తీగను మధ్యకు లాగితే, అది పై ఫ్రెట్లకు తగిలి ఆగిపోతుంది. ఇప్పటి చవక గిటార్లలో చాలావాటికి వంపు 9.5 అంగుళాలు, కొన్నిటికి ఇంకా చదునుగా 12 అంగుళాలు. బెండ్ విషయంలో అవే మేలు.

తర్వాత నట్, అంటే హెడ్‌స్టాక్ దగ్గర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ. ట్యూన్ చేస్తుంటే నట్ దగ్గర టింగ్ మని వినిపించిందంటే తీగ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. ఒక పెద్ద బెండ్ చేసి వదలగానే ఆ తీగ శ్రుతి తప్పుతుంది. గాడిలో పెన్సిల్ నలుపు రుద్దితే కొన్నాళ్లు నడుస్తుంది. నేనైతే బోలుగా ఉండే ప్లాస్టిక్ నట్‌ను తీసేసి ఎముకతో చేసింది పెట్టి, ఒక్కో తీగ మందానికి సరిపడా గాడి కోస్తాను. అదే గిటార్‌కి ట్రెమొలో బ్రిడ్జ్ (దానికున్న చేయి ఊపితే కదిలి స్వరాన్ని వణికించేది) ఉంటే, ఒక తీగ లాగినప్పుడు బ్రిడ్జ్ ముందుకు వంగి మిగతా తీగల శ్రుతి దిగిపోతుంది. రెండు తీగలు కలిపి వాయిస్తూ ఒకదాన్ని లాగే బ్లూస్ పద్ధతికి ఇది పెద్ద అడ్డు. వెనక మూత తీసి అయిదు స్ప్రింగులూ వేసి, వాటిని పట్టుకునే కొక్కేన్ని బిగించి బ్రిడ్జ్‌ని బాడీకి ఆనించేశాను. ఎరిక్ క్లాప్టన్ స్ట్రాట్లలో ఆ బ్రిడ్జ్ కదలకుండా వెనక చెక్కముక్క పెడతారు. ఆ చేయి ఊపడం నాకు అవసరం లేదు, కాబట్టి పోయిందని బాధ కూడా లేదు.

ఇక స్లైడ్ గిటార్. దీని ఫ్రెట్లు అరిగి గుంటలు పడిపోయాయి. అమ్మినాయన అదే కారణంగా దాదాపు వదిలించుకున్నాడు. నేను వాటి జోలికి పోలేదు. స్లైడ్ వాయించేటప్పుడు గాజు గొట్టం తీగ మీద తేలుతుంది, ఫ్రెట్‌కి తగలదు. ఫ్రెట్ అంటే అక్కడ చోటు చూపించే గీత మాత్రమే. స్లైడ్‌ను ఫ్రెట్ వెనక కాదు, సరిగ్గా ఫ్రెట్ పైనే నిలపాలి. అందుకని బెండ్‌కి పనికిరాని నెక్ స్లైడ్‌కి హాయిగా పనికొస్తుంది. కొంచెం ముందుకు వంగిన నెక్ అయినా సరే.

దాని తీగల ఎత్తు పన్నెండో ఫ్రెట్ దగ్గర 3 మిల్లీమీటర్లకు పెంచాను. బెండ్ గిటార్‌కి అదే కొలత 1.8 దగ్గర ఉంటుంది. నట్ వైపు ఎత్తు కోసం, నట్ మీద తొడిగే లోహపు ఎక్స్‌టెన్షన్ ఒకటి దొరుకుతుంది. అది తీసేస్తే గిటార్ మళ్లీ మామూలుదే. ట్యూనింగ్ ఓపెన్ జి, అంటే లావు తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి. ఇందులో ఏ తీగనూ పైకి బిగించం, మూడింటిని కిందికి దించుతాం. ఓపెన్ డి అయినా దించడమే, కాకపోతే నాలుగింటిని. దించినప్పుడు టెన్షన్ తగ్గి తీగలు వదులవుతాయి, గాజు బరువుకి కిందికి దిగి ఫ్రెట్లకు కొట్టుకుంటాయి. అందుకే ఒకటో తీగ మందం 13 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) ఉన్న సెట్ వేశాను. బెండ్ గిటార్ మీద 10 నుంచి 46. ఈ రెండింటినీ ఒకే గిటార్ మీద ఎలా పెట్టాలో చెప్పండి.

పికప్‌ల దగ్గర నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పాత గిటార్ కొనగానే పికప్‌లు మార్చేయడం తొందరపాటు. చవక సింగిల్ కాయిల్స్‌లో (ఒకే తీగ చుట్ట ఉన్న పికప్‌లు) ఎక్కువగా ఉక్కు పోల్‌పీస్‌ల (ఒక్కో తీగ కింద ఉండే చిన్న కడ్డీలు) కింద సిరామిక్ అయస్కాంతం పట్టీలు అంటించి ఉంటాయి. అందువల్ల శబ్దం కాస్త వాడిగా, కొన్నిసార్లు చెవికి గుచ్చుకునేలా ఉంటుంది. ముందు స్క్రూలు తిప్పి పికప్‌ని ఒక మిల్లీమీటర్ కిందికి దించి వినండి. స్ట్రాట్ రకాల్లో బ్రిడ్జ్ పికప్‌కి మామూలుగా టోన్ నాబ్ ఉండదు. స్విచ్ మీద రెండు కాళ్ల మధ్య చిన్న వైర్ ముక్క వేస్తే రెండో టోన్ నాబ్ దానికీ పనిచేస్తుంది. ఖర్చు లేని ఈ ఒక్క మార్పుతో బ్రిడ్జ్ పికప్‌ని వాడటం మొదలుపెడతాం. అయినా నచ్చకపోతే అప్పుడు మార్చండి. మార్చడానికి నేను వ్యతిరేకిని కాను. అమెరికన్ స్లైడ్ గిటారిస్ట్ రై కూడర్ తన స్ట్రాట్‌లో జపాన్ కంపెనీ టైస్కోది ఒక పాత గోల్డ్ ఫాయిల్ పికప్, బ్రిడ్జ్ దగ్గర ల్యాప్ స్టీల్ (ఒడిలో పెట్టుకుని వాయించే గిటార్) పికప్ పెట్టించుకున్నాడు. రెండూ ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని గిటార్ల నుంచి వచ్చినవే. గోల్డ్ ఫాయిల్ వెంటపడే గిరాకీ ఆ తర్వాతే పెరిగింది.

నేను అన్ని గిటార్లకూ తప్పకుండా చేసేది వాల్యూమ్ వైరింగ్. ఇప్పటి గిటార్లలో టోన్ కెపాసిటర్ దారి వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే మూడు కాళ్ల భాగం) పికప్ వైపు కాలు నుంచి వెళ్తుంది. దాన్ని మధ్య కాలికి, అంటే యాంప్ వైపు వెళ్లే కాలికి మారిస్తే యాభైల నాటి వైరింగ్ అవుతుంది. తేడా ఏమిటంటే వాల్యూమ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ మూసుకుపోదు. యాంప్‌ని శబ్దం కాస్త పగిలే అంచున పెట్టుకుంటే, నాబ్ ఆరు మీద గొంతు వెనక తోడుగా శుభ్రమైన శబ్దం, పది మీద సోలోకి గరుకు. పెడల్ తొక్కాల్సిన పని లేదు. చిటికెన వేలితో నాబ్ తిప్పుతూ వాయించడం అలవాటైతే ఇక వెనక్కి పోలేం.

సోల్డరింగ్‌లో ఒక్క విషయం జాగ్రత్త. పాట్ వీపు మీద గ్రౌండ్ వైర్ అంటించేటప్పుడు ముందు ఆ లోహాన్ని కొంచెం గీకి, ఐరన్‌ని అక్కడ ఆనించి, వేడి ఎక్కాక సోల్డర్‌ని లోహానికి తాకించాలి, ఐరన్ మొనకు కాదు. సరిగ్గా అంటుకున్న సోల్డర్ పల్చగా పరుచుకుంటుంది. ఉండలా గుబ్బగా నిలబడితే అంటుకోనట్టే, ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గాలి. ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ఒకేలా ఉంటే బ్రిడ్జ్ దగ్గర గ్రౌండ్ వైర్ ఊడిందేమో చూడండి. పాత గిటార్లలో ఇది చాలా మామూలు. గరగరలాడే నాబ్‌లకైతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే సగానికి సగం బాగవుతాయి.

పెయింట్ గీకి పాత గిటార్‌లా కనిపించేట్టు చేయడం నాకు నచ్చదు. అరుగుదల దానంతట అది రావాలి. అలాగే తీసేసిన ప్రతి భాగాన్నీ, పాత నట్, పికప్, స్ప్రింగులు, చివరికి స్క్రూలతో సహా, ఒక కవర్‌లో వేసి ఏ గిటార్‌దో రాసి దాస్తాను. రేపు ఆ గిటార్ ఇంకొకరి చేతికి వెళ్తే వాళ్లకు ట్రెమొలో కావాల్సి రావచ్చు. ఇప్పుడు బల్ల మీద ఉన్నది సెమీ హాలో (బాడీ కొంత బోలుగా ఉన్న రకం), రెండు హమ్‌బకర్లు (జంట చుట్టల పికప్‌లు), 500 కిలో ఓమ్ పాట్లు. దాని నెక్ నిటారుగా ఉంది, ఫ్రెట్లు బాగున్నాయి, బ్రిడ్జ్ శాడిల్స్ (ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కలు) మాత్రం తుప్పు పట్టి కదలడం లేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను తాకీ తాకనట్టు ఉంచి మీటితే వచ్చే స్వరం) కంటే నొక్కిన స్వరం శ్రుతి ఎక్కువగా ఉంది, శాడిల్ వెనక్కి జరగాలి. నిన్న రాత్రి స్క్రూలకు నూనె చుక్కలు వేసి ఉంచాను. కదిలితే అదే బ్రిడ్జ్ ఉంటుంది, లేకపోతే కొత్తది చూడాలి.