అమెరికా వంటగదుల కోసం కోసిన రాయి

చీమకుర్తి దగ్గర మాకో చిన్న గ్రానైట్ ఫ్యాక్టరీ ఉంది. రాయి కోసే గ్యాంగ్‌సా యంత్రం ఒకటి, ఒక పాలిషింగ్ లైను, నలభై మంది దాకా పనివాళ్లు. క్వారీ మాది కాదు. బ్లాకులు కొనుక్కొచ్చి, పలకలుగా కోసి, పాలిష్ పట్టి చెన్నై పోర్టు నుంచి పంపడం మా పని. నల్లరాయి మీద బంగారు పొడి చల్లినట్టుండే బ్లాక్ గెలాక్సీ మా ప్రాంతపు సొత్తు. అమెరికాలో ఇళ్లు కడుతున్నంత కాలం మనకు తిరుగులేదనుకునేవాళ్లం. అక్కడ ఇళ్ల ధరలు పడుతున్నాయని 2007 నుంచే పేపర్లో చదువుతున్నా, అది మన రాయికి తగిలే దెబ్బ అని తోచలేదు.

2008 జులైలో ఐదు కంటైనర్ల ఆర్డరొచ్చింది. అన్నీ మూడు సెంటీమీటర్ల మందం పలకలు, అక్కడి వంటగట్ల కోసం. ఒక్కో కంటైనర్‌లో సుమారు 2,400 చదరపు అడుగులు. అడుగుకు ఏడు డాలర్లు. ఆగస్టు చివర్లో రెండు పంపాను, తొంభై రోజుల గడువు మీద. మిగతా మూడూ డిసెంబరులోపు వెళ్లాలి.

అప్పుడే బ్యాంకులో ఫారెక్స్ చూసే కుర్రాడు ఒక సలహా ఇచ్చాడు. "సార్, డాలరు 43 దగ్గరుంది. జనవరిలో 40 లోపే ఉండేది, మళ్లీ అక్కడికే పోవచ్చు. ఫార్వర్డ్ బుక్ చేసుకోండి." నిజమే కదా అనిపించింది. ఆ మూడు కంటైనర్ల డబ్బు 50,000 డాలర్లను డిసెంబరులో 43 రూపాయల 20 పైసల చొప్పున బ్యాంకుకు అమ్ముతానని సంతకం పెట్టాను.

సెప్టెంబరు 15న లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. అక్టోబరు మూడో వారంలో ఆర్డరిచ్చిన అమెరికా ఆయన నుంచి మెయిల్ వచ్చింది. మూడే మూడు వాక్యాలు. మిగతా మూడు కంటైనర్లు ప్రస్తుతానికి ఆపండి, మా గోడౌన్ నిండిపోయింది, మళ్లీ చెబుతాం అని. అప్పటికి ఆ పలకలన్నీ కోసి, పాలిష్ చేసి, బండిల్ నంబర్లు వేసి యార్డులో స్టాండుల మీద నిలబెట్టి ఉన్నాయి.

రూపాయి పడితే ఎగుమతిదారులకు పండగే అని బంధువులు ఫోన్లు చేసేవాళ్లు. మా తోడల్లుడైతే "ఇంకేం బావా, డాలరు యాభై అట!" అన్నాడు. ఆయనకు ఎలా చెప్పాలి? పంపడానికి ఆర్డర్ లేదు, వచ్చే డాలర్లు లేవు. కానీ డాలర్లు ఇస్తానని మాటిచ్చాను. డిసెంబరులో ఆ కాంట్రాక్టు రద్దు చేసుకోవాలంటే, అవే 50,000 డాలర్లను ఆ రోజు రేటుకు బ్యాంకు దగ్గర కొన్నట్టు లెక్క. ఆ రోజు రేటు 48.70. డాలరుకు ఐదున్నర రూపాయలు, మొత్తం 2,75,000. ఒక్క పలకా కదలకుండా, ఒక్క డాలరూ చూడకుండా, ఆ డబ్బు నా క్యాష్ క్రెడిట్ ఖాతాలోంచి, అంటే వ్యాపారానికి బ్యాంకు ఇచ్చిన అప్పులోంచి పోయింది. పండగ అంటే ఇది.

ముందు పంపిన రెండు కంటైనర్ల డబ్బు నవంబరులో రావాలి. రాలేదు. విదేశీ కొనుగోలుదారు డబ్బు ఇవ్వకపోతే పరిహారమిచ్చే ఈసీజీసీ బీమా పాలసీ ఉండటం అదృష్టం. గడువు దాటిన సంగతి వాళ్లకు వెంటనే రాతపూర్వకంగా తెలియజేశాను. అయితే క్లెయిమ్ అంటే నెలలకు నెలలు ఆగాలి. ఈలోగా ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి సరుకు తయారీకి తెచ్చిన అప్పు) మీద వడ్డీ, టర్మ్ లోన్ వాయిదా, కరెంటు బిల్లు, జీతాలు. నలభై మందిలో ఒడిశా కుర్రాళ్లు పన్నెండు మంది సంక్రాంతికి ముందే ఊరెళ్లిపోయారు. నేను పొమ్మనలేదు. ఉండమనీ అనలేకపోయాను.

జనవరి మొదటి వారంలో బ్యాంకు మేనేజర్ గారు పిలిచారు. "డిసెంబరు వాయిదా కూడా కట్టలేదు. తొంభై రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయిపోతుంది. తర్వాత నా చేతిలో ఉండదు," అన్నారు. ఆయనే ఒక దారి కూడా చెప్పారు. 2008 సెప్టెంబరు 1 నాటికి సక్రమంగా నడుస్తున్న ఖాతా అయితే, చెప్పిన గడువులోపు రీస్ట్రక్చరింగ్, అంటే అప్పు కట్టే వాయిదాల్ని మార్చి రాయడం, చేపట్టి 120 రోజుల్లో అమలు చేస్తే, దాన్ని మంచి ఖాతాగానే చూడొచ్చని రిజర్వ్ బ్యాంకు వెసులుబాటు ఇచ్చిందట. నా ఖాతా సెప్టెంబరు 1 నాటికి శుభ్రంగానే ఉంది. ఆ ఒక్క తేదీ నన్ను బతికించింది.

మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది. తప్పు నాదీ మా ఆడిటర్ గారిదీ. రాబోయే మూడేళ్ల అంచనాల్లో ఎగుమతులు రెండో ఏటికి రెట్టింపు అవుతాయని రాసుకెళ్లాం. మేనేజర్ గారు కాగితాలు తిరగేసి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "అమెరికా ఎప్పుడు కోలుకుంటుందో అమెరికా వాడికే తెలీదు. మీకెలా తెలిసిందండీ? నాకు ఇక్కడ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో చూపించండి," అన్నారు. కోపమొచ్చింది గానీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

ఇక్కడ డబ్బు లేదా అంటే ఉంది. హైదరాబాద్‌లో లేదు. జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కుంభకోణం వార్త బయటికొచ్చాక అక్కడి బిల్డర్లు ఫోనెత్తడం మానేశారు. చిన్న ఊళ్లలో మాత్రం ఇళ్లు కడుతూనే ఉన్నారు. కేంద్ర ఉద్యోగులకు ఆరో వేతన సంఘం బకాయిల మొదటి విడత అప్పటికే చేతికొచ్చింది. డిసెంబరులో ప్రభుత్వ బ్యాంకులు ఐదు లక్షల లోపు ఇంటి రుణం ఎనిమిదిన్నర శాతానికే ఇస్తామన్నాయి, ఇరవై లక్షల దాకా అయితే తొమ్మిదింపావు. ఆ ఇళ్లలో వంటగట్టుంటుంది, మెట్లుంటాయి. అవకాశమంటే ఏదో కొత్త వ్యాపారమనుకుంటాం గానీ, మాకది తెనాలి, భీమవరం, రాజమండ్రి బస్సుల్లో కనిపించింది. అరడుగు సైజు ముక్కలు నాలుగు సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కేవాణ్ని.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మన దగ్గర వంటగట్టుకు 18 మిల్లీమీటర్ల పలక చాలు. నా దగ్గరున్నది 30. భీమవరంలో ఒక షాపు యజమాని ముక్కని చేత్తో ఎత్తి చూసి, "ఇదేం రాయండీ బాబూ, తిరగలి చేయించుకోడానికా?" అన్నారు. ఒక్కో పలక 400 కిలోల బరువు. దించడానికి కూలి ఎక్కువ, కోయడానికి బ్లేడు ఎక్కువ అరుగుతుంది.

దారి చూపించింది తెనాలిలో ఒక మేస్త్రి. 18 ఎంఎం రాయి అంచు పల్చగా కనబడుతుందని కింద ఒక పట్టీ అతికించి డబుల్ నోసింగ్ చేస్తారు. అతికించే కూలి వేరు, జిగురు ఖర్చు వేరు, కొన్నేళ్లకు ఆ అతుకు దగ్గర గీత తేలుతుంది. ఆయన నా ముక్క అంచు మీద బొటనవేలు ఆనించి, "దీనికి అతుకు పని లేదు కదయ్యా. అంచు గుండ్రంగా తిప్పేస్తే సరి," అన్నారు. ఆ మాట పట్టుకుని వెళ్లాను. అప్పటినుంచి షాపులకంటే ముందు మేస్త్రీలను కలిసేవాణ్ని. రాయి కొనేది ఇంటాయనే అయినా ఏ రాయో చెప్పేది మేస్త్రి. ఫ్యాక్టరీలోనే పలకల్ని రెండడుగుల వెడల్పుకు కోసి, అంచు తిప్పి పంపడం మొదలుపెట్టాం. అమెరికాకైతే అడుగుకు 300 పైన వచ్చేది, ఇక్కడ 170. ఖర్చు దానికంటే ఎక్కువే. నష్టానికే అమ్మాను. యార్డులో నిలబడితే అదీ రాదు, వడ్డీ మాత్రం పెరుగుతుంది.

చాలామంది "బిల్లొద్దు, రొక్కం ఇస్తాం, ఇంకో పది రూపాయలు వేసుకోండి" అనేవాళ్లు. ఆ పది రూపాయల మీద ఆశ లేదని అబద్ధం చెప్పను. కానీ బ్యాంకు వాళ్లు చూసేది ఖాతా. అందులో పడని అమ్మకం వాళ్ల లెక్కలో అమ్మకమే కాదు. తక్కువకైనా బిల్లు రాసి చెక్కులే తీసుకున్నాను. రెండు చెక్కులు బౌన్సయ్యాయి, ఒకాయన ఎనిమిది నెలలు తిప్పించుకున్నాడు. లోకల్ వ్యాపారంలో ఉన్న పెద్ద బాధ ఇదే. ఎగుమతిలో డబ్బు రావడం ఆలస్యమైతే అడగడానికి ఈసీజీసీ అయినా ఉంది. ఇక్కడ అడగాలంటే మన చెప్పులే అరగాలి.

ఫిబ్రవరి చివరికి ఇరవై మూడు ఇన్‌వాయిస్‌లు, వాటికి సరిపడా ఖాతాలో జమలు చూపించి కొత్త అంచనాలు ఇచ్చాం. ఈసారి ఎగుమతులు సగానికి తగ్గించి, లోకల్ అమ్మకాలు పెట్టి. స్టాకు చూడ్డానికి జోనల్ ఆఫీసు నుంచి ఒకరొచ్చి యార్డులో పలకలన్నీ లెక్కపెట్టారు, ఎండలో, గొడుగు వేసుకుని. మా వాటాగా కొంత తెమ్మన్నారు. మామగారు పొగాకు అమ్మిన డబ్బులో రెండు లక్షలిచ్చారు. ఏ నాడూ దాని ఊసెత్తలేదు ఆయన.

జూన్‌లో మంజూరు లెటర్ వచ్చింది. అసలుకు తొమ్మిది నెలల విరామం. కాలవ్యవధి రెండేళ్లు పెంపు. కట్టని వడ్డీని వేరే లోనుగా మార్చారు, ఎఫ్‌ఐటీఎల్ అంటారు దాన్ని. వడ్డీ మీద వడ్డీ కట్టడమే, పేరు గౌరవంగా ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, అదే రెపో రేటు, అక్టోబరు నుంచి ఏప్రిల్‌కి 9 శాతం నుంచి 4.75కి దిగిందని టీవీలో ఊదరగొట్టారు గానీ, నా లోను మీద తగ్గింది ఒకటిన్నరే. చిన్న పరిశ్రమల ఎగుమతి రుణం మీద కేంద్రం ఇచ్చిన రెండు శాతం వడ్డీ రాయితీ మాత్రం నిజంగా ఖాతాలో కనిపించింది.

అమెరికా ఆయన పాత రెండు కంటైనర్ల డబ్బు మార్చిలోనే పంపాడు, రాయి మీద మచ్చలున్నాయని చెప్పి పన్నెండు శాతం కోసుకుని. మచ్చలు లేవు. తీసుకుని ఊరుకున్నాను. 2010లో మళ్లీ రేట్లడుగుతూ మెయిల్ పెట్టాడు. ముప్పై శాతం అడ్వాన్సిస్తేనే బ్లాకు కోస్తానని రాశాను. జవాబు రాలేదు. హ్యూస్టన్ నుంచి ఇంకొకాయన ఆ షరతుకు ఒప్పుకున్నాడు. ఇప్పటికీ ఆయనకే పంపుతున్నాం.

2011 జులైలో బ్యాంకు నుంచి ఫోనొచ్చింది, ఈసారి కొత్త కుర్రాడు. డాలరు 45 లోపే ఉంది సార్, ఇంకా పడొచ్చు, ఫార్వర్డ్ బుక్ చేయమంటారా అని. అడ్వాన్సు పడిన ఆర్డర్లకే, అదీ సగానికే చేయమన్నాను. డిసెంబరుకు డాలరు 53 దాటింది. సగం మీద లాభం వదులుకున్నట్టే. కాకపోతే సరుకు వెళ్లింది, డాలర్లొచ్చాయి, ఇస్తానన్నవి ఇచ్చేశాను. చేతినుంచి ఒక్క రూపాయి కట్టలేదు.