కడిగాక చూపిస్తా, తాతా

ఆ నడకకి ఒక్క రీలే పట్టుకెళ్లాను. హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు-తెలుపు ఫిల్మ్, వెలుగుకి స్పందించే వేగం ఐఎస్‌ఓ 400, 36 ఫ్రేములు. ఏటి గట్టు వెంట తొమ్మిది కిలోమీటర్ల కాలిబాట. మెడలో పాత మాన్యువల్ కెమెరా, దానికి 50 ఎంఎం లెన్స్, లెన్స్ మీద పసుపు ఫిల్టర్. రెండో రీలు ఉంటే చెయ్యి ఊరుకోదని ఇంట్లోనే వదిలేశాను.

తెల్లవారిన మొదటి గంటే ఎండాకాలంలో ఫోటోకి బంగారం లాంటి సమయం. పక్కవాటుగా పడే వెలుగులో ఎండిన ఏటి ఇసుక మీద గాలి గీసిన ప్రతి గీతకీ ఓ నీడ ఉంది. ఆ గంటలోనే పదకొండు ఫ్రేములు అయిపోయాయి. తొమ్మిది దాటేసరికి నీడలన్నీ చెట్ల మొదళ్లలోకి ముడుచుకున్నాయి, ఇసుక తెల్లటి పలకలా చదునుగా మారిపోయింది.

నా కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ పనిచేయదు. 'సన్నీ 16' లెక్క మీదే నడిపిస్తాను. నిండు ఎండలో అపర్చర్, అంటే లెన్స్ కంత, ఎఫ్/16 పెట్టి, ఐఎస్‌ఓ ఎంతో షటర్ వేగం దానికి దగ్గరగా పెట్టాలి. అంటే 400 ఫిల్మ్‌కి సెకనులో 500వ వంతు. పసుపు ఫిల్టర్ ఆకాశంలోని నీలాన్ని కొంత ఆపి మబ్బుల్ని తేలుస్తుంది కానీ ఒక స్టాప్ వెలుగు, అంటే సగం, మింగేస్తుంది కాబట్టి కంత ఒక మెట్టు పెద్దది చేసి ఎఫ్/11. ఈ లెక్క అలవాటయ్యాక ఎండని మీటర్ చెప్పక్కర్లేదు, కన్నే చెబుతుంది.

మధ్యాహ్నానికి గట్టు మీద ఓ పెద్ద చెట్టు కనిపించింది. కింద ఓ ముసలాయన, చుట్టూ మేకలు. అడిగి పక్కన కూర్చున్నాను. బ్యాగులో తువ్వాలు చుట్టిన సీసా నీళ్లు ఇద్దరం తాగాం. ఫోటో తీసుకోనా అంటే తలూపాడు.

అక్కడ నీడకీ బయట ఎండకీ కనీసం నాలుగు స్టాపుల తేడా ఉంటుంది. ఎండకి కొలిస్తే ఆయన ముఖం నెగటివ్‌లో ఖాళీగా మిగులుతుంది, లేని వివరాన్ని డార్క్‌రూమ్‌లో ఎవరూ తేలేరు. వెలుగు ఎక్కువైన చోటు మాత్రం నెగటివ్‌లో నల్లగా, దట్టంగా దాక్కుని ఉంటుంది, ఓపికుంటే బయటికి లాగొచ్చు. అందుకే ఫిల్టర్ తీసేసి, ఎఫ్/5.6, 250వ వంతు పెట్టి, నీడకే ఎక్స్‌పోజ్ చేశాను. మూడు ఫ్రేములు ఆయనకే.

"ఏదీ, చూపించు బాబూ" అన్నాడు.

"ఇందులో కనపడదు తాతా. రీలు కడగాలి."

"కడిగాక తెస్తావా?"

తెస్తానన్నాను. ఆ తర్వాత దారంతా ఆ మాటే నాతో నడిచింది. మిగిలిన ఫ్రేముల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

మూడు రోజుల తర్వాత రీలు కడగడానికి కూర్చుంటే కుళాయి నీళ్లు 30 డిగ్రీలు. బొమ్మని బయటికి తెచ్చే డెవలపర్ మందుకి 20 కావాలి. ఐసు నేరుగా వేస్తే ద్రావణం పలచబడుతుంది కాబట్టి, కవర్లో కట్టి అందులో ముంచాను. బొమ్మని నిలబెట్టే ఫిక్సర్‌నీ, కడిగే నీళ్లనీ కూడా అంత చల్లదనానికే తెచ్చుకోవాలి, వేడికి ఫిల్మ్ మీది జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. హెచ్‌పీ5 అన్ని రంగుల వెలుగుకీ స్పందిస్తుంది, ఎర్ర దీపం కూడా పనికిరాదు. కటిక చీకట్లో, చెమట పట్టిన వేళ్లతో రీలుని ట్యాంకులోని స్పైరల్ చట్రానికి ఎక్కించడం నాకు ఇప్పటికీ టెన్షనే. ఐడీ-11 డెవలపర్‌లో ఏడున్నర నిమిషాలు, ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లు ట్యాంకుని తిరగేస్తూ. తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్, ఫిక్సర్. వెండి లవణాల్ని హైపో (సోడియం థయోసల్ఫేట్) కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు, 1839లో అది ఫోటోని నిలబెట్టే మందైంది. నా సీసాలోనూ ఆ థయోసల్ఫేట్ జాతి మందే ఉంది. ఇన్నేళ్లైనా మారని ఆ పని మీద నాకు చాలా గౌరవం.

ప్రింటింగ్ కాగితానికి ఎర్ర వెలుగు పట్టదు, కాబట్టి అక్కడ దీపం వెలిగించుకోవచ్చు. తాత ఉన్న 23వ ఫ్రేముని, నెగటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్‌లో పెట్టాను. కాగితం ముక్క మీద టెస్ట్ స్ట్రిప్ తీస్తే ముఖానికి 12 సెకన్లు సరిపోయింది. కానీ చెట్టు బయట ఏరూ ఇసుకా ఏమీ లేవు, వట్టి తెలుపు. రెండో కాగితం మీద అదే 12 సెకన్లు ఇచ్చి, కాంట్రాస్ట్ బాగా తగ్గించే 00 ఫిల్టర్‌కి మార్చి, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టి, ఎండ భాగానికి ఇంకో 25 సెకన్లు పోశాను. గీత పడకుండా చెయ్యి కదుపుతూనే ఉండాలి. అంచు దగ్గర ఓ మేక నల్లబడిపోయింది. మూడోది, నాలుగోది కూడా పక్కన పెట్టేశాను.

అయిదో కాగితం ట్రేలో మునిగింది. ముందు చెట్టు మొదలు వచ్చింది, తర్వాత ఆయన కళ్లు, గడ్డం కింద ముడతలు. చివరికి, ఆయన భుజం వెనక, దూరంగా ఇసుక మీద ఉదయం నేను నడిచొచ్చిన దారి సన్నగా తేలింది. ఆ రోజు ఎండకి నా కళ్లు చూడలేకపోయిన దారి అది.

దాదాపు అదే కొలతలతో ఇంకో కాపీ తీశాను, ఈసారి ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ కాగితం మీద. గంటసేపు నీళ్లలో కడిగి ఆరబెట్టాను. ఆరితే ప్రింట్ కాస్త ముదురుతుంది, అందుకని ముందే అర సెకను తగ్గించాను. వెనక పెన్సిల్‌తో 23 అని రాసి, అట్టల మధ్య పెట్టి బ్యాగులో సర్దాను. రేపు తెల్లవారకముందే బయల్దేరితే, మేకలు చెట్టు కిందికి చేరేలోపు నేనూ అక్కడికి చేరుకోవచ్చు.