కిటికీ కంటే ముందు స్క్రూ చూడండి

మా ఇల్లు విశాఖలో, లాసన్స్ బే కాలనీలో. బీచ్ రోడ్డుకి నడిచి వెళ్లొచ్చు. ఈ మాట చెప్పగానే హైదరాబాద్ చుట్టాలందరూ "అబ్బ, అదృష్టవంతులు" అంటారు. ఏటేటా గేటుకి రెడాక్సైడ్ కొట్టించే వాళ్లకి తెలుస్తుంది ఆ అదృష్టం ఎలాంటిదో. ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము నిలవదు.

1996లో కట్టిన ఇల్లు. హాల్లో ఒకటి తప్ప కిటికీలన్నీ టేకు చట్రాలు, టేకు రెక్కలు, వాటికి ఇనప గ్రిల్. ఈ మధ్య వానాకాలం వస్తే రెక్కలు ఉబ్బి పట్టేసేవి, వేసవి వస్తే సందులు. అది ఎలాగో భరించాం. చట్రం పక్కన గోడ నిలువుగా పగుళ్లిచ్చేసరికి మాత్రం భయమేసింది. వడ్రంగిని పిలిస్తే పగులు దగ్గర ఉలితో కాస్త చెక్కి చూపించాడు. చట్రాన్ని గోడలోకి పట్టి ఉంచే ఇనప పట్టీలుంటాయి కదా, అవి తుప్పు పట్టి ఉబ్బి ప్లాస్టరింగ్‌ని బయటికి తోసేస్తున్నాయి. "కర్రకేటి కాలేదమ్మా. ఇంత టేకు ఇప్పుడెక్కడ దొరుకుతాది?" అన్నాడు. కర్ర బాగానే ఉంది, దాన్ని పట్టుకున్న ఇనుమే పోయింది. ఆ తర్వాత మేం తీసుకున్న నిర్ణయాలన్నిటికీ ఈ ముక్కే ఆధారం.

కొత్తగా టేకు అంటే లెక్క వేసుకోగానే వద్దనుకున్నాం. అల్యూమినియం మాట ఎత్తితే మా ఆయన ఒప్పుకోరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు హాల్లో ఉన్న అల్యూమినియం స్లైడింగ్ కిటికీ అద్దం పగలడం కాదు, రెక్కకి రెక్కే ట్రాక్‌లోంచి లేచి సోఫా మీద పడింది. నిజానికి ఆ తప్పు అల్యూమినియంది కాదు. రెక్క ట్రాక్‌లోకి ఎంత లోతుగా దిగింది, పైకి లేవకుండా అడ్డు బిళ్లలు పెట్టారా లేదా అన్నదే అక్కడ విషయం. ఎంత చెప్పినా వినలేదు. సరే, యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ చట్రాల కిటికీలు అనుకున్నాం.

షోరూముల్లో ప్రొఫైల్, అంటే చట్రానికి వాడే బోలు పట్టీ, ముక్క కోసి చేతికిస్తారు. లోపల ఇన్ని బోలు గదులున్నాయి, శబ్దం రాదు, వేడి రాదు, చెదలు పట్టవు అని ఏకరువు పెడతారు. అన్నీ నిజమే. నేను మాత్రం ఫ్రిజ్‌కి అంటించే మాగ్నెట్ ఒకటి పర్సులో వేసుకుని వెళ్లాను. యూపీవీసీ ఒంటరిగా గాలికి ఆగదు, లోపల జింకు పూత పూసిన ఉక్కు గొట్టం దూర్చాలి. పెద్ద కిటికీలకి అది అన్ని వైపులా ఉండాలి. మధ్య నిలువు పట్టీలో అది ఉందో లేదో చూపించమంటే ఒక షోరూములో సేల్స్ అబ్బాయి టీ తాగుతారా అని అడిగాడు. అక్కడ నుంచి వచ్చేశాం.

తర్వాత స్క్రూలు. అన్నీ స్టెయిన్‌లెస్సే అంటారు. స్టెయిన్‌లెస్‌లో 410 అని ఒక రకం ఉంది, గట్టిది, డ్రిల్ చేసుకుంటూ దిగే స్క్రూలు చాలావరకు దాంతోనే చేస్తారు. మాగ్నెట్‌కి గట్టిగా అతుక్కుంటుంది, సముద్రం పక్కన తుప్పు కూడా పడుతుంది. 304 అంతగా అతుక్కోదు. దానికన్నా మెరుగు 316, అందులో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పుకి తట్టుకుంటుంది. 304కీ 316కీ తేడా మాగ్నెట్ చెప్పలేదు, బిల్లు మీద రాయించుకోవాల్సిందే. బయటి వైపు స్క్రూలు, బందులు మాత్రం 316 అడిగాం. కిటికీల మొత్తం ఖర్చులో ఈ తేడా పెద్దగా కనపడదు. గ్రిల్ కూడా 316 అంటే మా బడ్జెట్ కుదరలేదు. 304తో చేయించి నెలకోసారి మంచినీళ్ల గుడ్డతో తుడుస్తున్నాం. తుడవకపోతే టీ మరకల్లాంటి మచ్చలు వస్తాయి.

స్లైడింగా, రెక్కలు తెరిచేవా అన్న చర్చ మా ఇంట్లో చాలా రోజులు నడిచింది. తెరిచే రెక్క మూసినప్పుడు రబ్బరు గాస్కెట్ నొక్కుకుపోతుంది, అందుకని వాన జల్లు, గాలి రావు. స్లైడింగ్‌లో అంత బిగువు ఉండదు, పైగా సగం కిటికీయే తెరుచుకుంటుంది. మరి అందరూ స్లైడింగే ఎందుకు పెడతారంటే మన గ్రిల్ వల్ల, దోమల వల్ల. గ్రిల్ లోపల ఉంటే రెక్క బయటికి తెరవాలి, గ్రిల్‌లోంచి చెయ్యి దూర్చి తొయ్యాలి. ఇక దోమతెర ఎక్కడ పెడతారు? మడత తెర దొరుకుతుంది గానీ ఖరీదు. చివరికి సముద్రం వైపు రెండు బెడ్‌రూములకి తెరిచే రెక్కలు, మడత తెర. మిగతా చోట్ల అద్దాలు రెండు, తెర ఒకటి ఉండే స్లైడింగ్. మా ఆయన అడ్డు బిళ్లలు స్వయంగా వేలితో తడిమి చూశాకే ఊ అన్నారు.

అద్దం 5 మిల్లీమీటర్ల టఫెండ్, అంటే వేడి చేసి గట్టిపరిచిన రకం. టఫెండ్ చేశాక కొయ్యడం కుదరదు, కొలత తప్పితే కొత్త అద్దమే. అందుకే కొలత తీసే అబ్బాయి వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్లా తీసుకున్నాడా, మూలకీ మూలకీ కొలిచాడా అని దగ్గరుండి చూశాను. పాత ఇళ్లలో కిటికీ ఖాళీ ఎక్కడా సమంగా ఉండదు. మూడింటిలో తక్కువ కొలతే లెక్క.

పని సంక్రాంతి వెళ్లాక పెట్టుకున్నాం. పాత చట్రాలు ఊడదీసిన రోజుల దుమ్ము గురించి చెప్పను. కిటికీల కింద గ్రానైట్ పలకలు, నీళ్లు నిలవకుండా, బయటికి కాస్త వాలుగా వేయించాం. బిగించేటప్పుడు ఒక చోట ముక్కుకి పుల్లటి వాసన తగిలింది. చట్రానికీ గోడకీ మధ్య సందు పూడ్చే సిలికాన్‌లో వెనిగర్ వాసన కొట్టేది చౌక రకం, లోహాన్ని తినేస్తుంది. ఆపించి, ఆ వాసన లేని న్యూట్రల్ రకం తెప్పించాను. "ఏ మేడమూ ఇది అడగలేదు" అన్నాడు మేస్త్రీ, మెచ్చుకుంటూ కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. స్లైడింగ్ ట్రాక్‌లో నీళ్లు బయటికి పోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి. బయట సిలికాన్ పూసే ఊపులో వాటిని కూడా మూసేస్తారు. నేను ప్రతి కిటికీ ట్రాక్‌లో చెంబుతో నీళ్లు పోసి, బయటికి వెళ్లి చూశాను. వంటింటి కిటికీ నీళ్లు కదల్లేదు, మట్టం పెరుగుతూ పెరుగుతూ లోపలి అంచు దాకా వచ్చింది. మేస్త్రీ బ్లేడుతో గీకగానే బయట బొటబొటా కారాయి. దానికి పట్టింది అర నిమిషం. చూసుకోకపోతే మొదటి వానకి పొయ్యి గట్టంతా నీళ్లే.

తలుపుల సంగతి త్వరగా తేలింది. బాత్రూములకి చట్రాలు, తలుపులు డబ్ల్యూపీసీ, అంటే కర్రపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి. నీటికి ఉబ్బదు, చెదలు పట్టవు, అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు. గదులకి ఫ్లష్ డోర్లు (నున్నటి పలక తలుపులు), వాటికి ఉండే భారతీయ ప్రమాణం ఐఎస్ 2202 గుర్తు చూసి తీసుకున్నాం.

సింహద్వారం జోలికి మాత్రం వెళ్లలేదు. ఆ గడప కింద నవధాన్యాలు, పంచలోహాలు వేసి ముహూర్తం చూసి నిలబెట్టింది మా మావయ్యగారు. "అన్నీ మార్చుకోండి, దాన్ని తాకితే నేను ఊరుకోను" అన్నారు అత్తయ్యగారు. తాకాల్సిన అవసరమూ లేదు. వరండా లోపలికి ఉండడంతో దానికి ఎండా వానా తగల్లేదు. వడ్రంగి వచ్చి ఇనప బందులు తీసి ఇత్తడివి వేశాడు, తలుపు కింద అంచు కాస్త చిత్రిక పట్టాడు. అంతే.

డబ్బు విషయం: కొంత సొమ్ము మొదటి వాన పడేదాకా ఆపుతామని ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పి కాగితం మీద రాయించాం. జూన్‌లో వాన పడింది. నీళ్లు రాలేదు గానీ హాల్లో ఒక రెక్క బరువుగా కదులుతోంది. ఫోన్ చేస్తే వచ్చి, కింద రోలర్ స్క్రూ తిప్పి ఎత్తు సరిచేశారు. బాకీ అప్పుడే ఇచ్చేశాం. ఇప్పుడున్న ఒకే ఒక్క గొడవ పక్కింటి పిల్లి, బెడ్‌రూము మడత తెర గోళ్లతో చింపేసింది. దానికి వారంటీ వర్తించదట.