కువైట్ నుంచి బ్యాటరీ డ్రిల్లు తెచ్చేవాళ్లకు

సెలవు మీద ఇంటికి పోయే కువైట్ వాళ్లను మా కడప జిల్లాలో ఇదివరకు సెంటు సీసాలు, దుప్పట్లు, టాంగు పౌడరు తెమ్మని అడిగేవాళ్లు. ఇప్పుడు పనిలో ఉన్న కుర్రాళ్లు బ్యాటరీ డ్రిల్లు అడుగుతున్నారు. ప్రొద్దుటూరులో వడ్రంగం నేర్చుకుంటున్న మా అక్క కొడుకు మొన్న ఫోన్లో అదే అన్నాడు. "మామా, వచ్చేటప్పుడు డ్రిల్లు మిషను ఒకటి పట్టుకురా. ఆడ ఉండేదాంట్లో పెద్దది చూసి తీసుకో." మా రూములో ఉండే రాజంపేట, రాయచోటి వాళ్లకూ ఇలాంటి ఫోన్లే వస్తున్నాయి. నేను ఇక్కడ విల్లాల్లో, ఆఫీసుల్లో కబోర్డులు, పార్టిషన్లు బిగించే కార్పెంటర్ని. పొద్దున కంపెనీ బస్సు దిగింది మొదలు సాయంత్రం దాకా నా చేతిలో ఉండే పనిముట్టు ఇదే. కొనేముందు ఏం చూడాలో మన ఊళ్లలోని ఇళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

అంగడికి పోకముందే తేల్చుకోవాల్సింది, ఏ గోడకు బెజ్జం వేయబోతున్నామనేది. ఇక్కడ మా పని ఎక్కువగా జిప్సం బోర్డు, రేకు చానళ్లు, ప్లైవుడ్డు మీద. వాటికి బెజ్జం వేసి స్క్రూలు బిగించే మామూలు డ్రిల్ డ్రైవర్ చాలు. మన దగ్గర ఇల్లంటే ఇటుక గోడ, దాని మీద సిమెంటు పూత, పైన స్లాబు. ఇటుకకు సుత్తి గుర్తు ఉండే ఇంపాక్ట్ డ్రిల్లు సరిపోతుంది. స్లాబు, బీము, పిల్లరు దాంతో అయ్యే పని కాదు. ఆ మిషన్లో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఎగురుతూ నిమిషానికి 20,000కు పైగా చిన్న చిన్న దెబ్బలు వేస్తాయి. వెనక నుంచి మనం ఎంత నూకితే అంత బలం. ఎస్.డి.ఎస్. అనే గాడులున్న బిట్టు పట్టే రోటరీ హ్యామర్ అలా కాదు, అందులో పిస్టన్ గాలిని నొక్కి కొడుతుంది. దెబ్బలు 4, 5 వేలే అయినా ఒక్కో దెబ్బ బరువుగా పడుతుంది, మనిషి పెద్దగా నూకక్కర్లేదు. ఫాల్స్ సీలింగు బిగించేవాడు ఇంపాక్ట్ డ్రిల్లు పట్టుకుని చేతులు పైకెత్తి స్లాబుతో కుస్తీ పడితే సాయంత్రానికి భుజాలు పడిపోతాయి, బిట్టు మొన కాలిపోతుంది. ఆ పని చేసేవాడికి ఎంత పెద్ద ఇంపాక్ట్ డ్రిల్లు కొనిచ్చినా దండగే.

నాపరాయి సంగతి వేరే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చే నల్ల కడప బండలే మన వంటింట్లో అరలు, గట్లు. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. సుత్తి గుర్తు మీద పెట్టి బెజ్జం వేస్తే అవతలి వైపు పెచ్చు లేచిపోతుంది. అంచుకు దగ్గరైతే బండే చీలుతుంది. దానికి హ్యామర్ ఆపేయాలి. నిదానంగా తిరిగే గేరు 1లో పెట్టి, టైల్సుకు వాడే ఈటె మొన బిట్టు గానీ డైమండ్ బిట్టు గానీ తగిలించి, చుక్క చుక్క నీళ్లు పోస్తూ నిదానంగా తిప్పాలి. ఆవలికి తేలబోతోందని చేతికి తెలిసినప్పుడు ఒత్తిడి తగ్గించి, వీలైతే వెనక చెక్క ముక్క ఆనించాలి. మిషన్ మీద నీళ్లు పడకుండా చూసుకోవాల్సిందే గానీ, నీళ్ల దగ్గర కరెంటు వైరు ఉండదు కాబట్టి ఈ పనిలో బ్యాటరీ డ్రిల్లును మించింది నాకు కనిపించలేదు. ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంతే తిరుగుతుంది, రాయి మీద బిట్టు జారకుండా మెల్లగా పట్టు దొరికించుకోవచ్చు.

బిట్టును పట్టుకునే చక్ వెనక అంకెలున్న రింగు ఒకటుంటుంది. చాలామంది దాన్ని డ్రిల్లు గుర్తు మీదే వదిలేసి అన్ని పనులూ కానిచ్చేస్తారు. కబోర్డు తలుపుకు హింజీలు బిగించేటప్పుడు దాన్ని చిన్న అంకె మీద పెడితే, స్క్రూ తల చెక్కకు ఆనగానే మిషన్ టకటకమని పట్టు వదిలేస్తుంది. అలా పెట్టకపోతే స్క్రూ లోపలే గిరగిరా తిరిగి మర పట్టిన చెక్కంతా పొడి అవుతుంది, ఆ హింజీ మళ్లీ నిలవదు. పార్టికల్ బోర్డులో అయితే మరీ తొందరగా పోతుంది. మా ఫోర్‌మన్ కొత్తవాళ్లకు మొట్టమొదట నేర్పేది ఈ రింగే. పారేసే ముక్క మీద 1 నుంచి మొదలుపెట్టి, స్క్రూ తల చెక్కతో సమానంగా కూర్చునేదాకా ఒక్కో అంకె పెంచుకుంటూ పొమ్మంటాడు.

ఇక వోల్టులు. ఒక మిషన్ మీద 18 అనీ, డీవాల్ట్ లాంటి వాటి మీద కొన్ని దేశాల్లో 20 అనీ ఉంటుంది. రెండింట్లోనూ వరసగా కలిపిన సెల్స్ అయిదే. ఒక్కో సెల్లును 3.6 వోల్టులని లెక్కేస్తే 18, ఫుల్ చార్జి మీద సుమారు 4 అని లెక్కేస్తే 20. తేడా లేదు. 48, 88 అని స్టిక్కరు వేసి చవగ్గా అమ్మే మిషన్లు కూడా దొరుకుతాయి. అయిదు సెల్స్ వరసలో ఉన్న బ్యాటరీ నిండా చార్జి ఎక్కినా 21 వోల్టులు దాటదు. కష్టపడి సంపాదించిన దినార్లు ఆ స్టిక్కరుకు పోయొద్దు.

నన్నడిగితే డ్రిల్లు కంటే ముందు ఎంచుకోవాల్సింది బ్యాటరీని. మకీటా బ్యాటరీ బాష్ మిషన్‌కు పట్టదు. బాష్‌లోనే పనివాళ్ల నీలం రంగు 18 వోల్టుల బ్యాటరీ ఇంటి వాడకపు ఆకుపచ్చ మిషన్‌కు ఎక్కదు. మొదటి బ్యాటరీ కొనడమంటే ఆ కంపెనీతో వియ్యమందినట్టే, రేపు గ్రైండరైనా, జిగ్‌సా అయినా ఆ ఇంటి నుంచే తెచ్చుకోవాలి. అందుకే మావాడిని ఒకటే అడిగాను: "మీ మేస్త్రీ ఏ మిషన్ వాడుతున్నాడ్రా?" అదే కంపెనీది, 18 వోల్టులది, కార్బన్లు లేని బ్రష్‌లెస్ మోటారుది, రెండు బ్యాటరీలతో తీసుకుంటున్నాను. ఒకటి అయిపోయినా మేస్త్రీ దగ్గరున్నది తగిలించుకుని పని కానిస్తాడు. కార్బన్లు అరిగిపోవడం అనేదే ఉండదు, ఒక్క చార్జికి ఎక్కువ స్క్రూలు దిగుతాయి.

ఇంట్లో క్యాలెండరు, కర్టెన్ రాడ్డు, అద్దం బిగించుకోవడానికైతే 18 వోల్టుల సెట్టు నేను ఎవరికీ కొనివ్వను. 10 ఎం.ఎం. చక్ ఉన్న 12 వోల్టుల చిన్న మిషన్ ఆడవాళ్లయినా పెద్దవాళ్లయినా ఒంటి చేత్తో పట్టుకోగలరు. గోడకు బెజ్జాలు వేయడానికి కరెంటు ఇంపాక్ట్ డ్రిల్లు ఒకటి ఊర్లోనే కొనుక్కుంటే సరి. అటక మీద పడేసినా బ్యాటరీ వయసు కరుగుతూనే ఉంటుంది. వాడని రోజుల్లో సగం చార్జితో చల్లటిచోట పెట్టాలి.

ఎండ గురించి చెప్పకపోతే ఎట్లా. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన. మనిషికి ఉన్నట్టే బ్యాటరీకీ ఒక హద్దు ఉంది. బాగా వేడెక్కిన బ్యాటరీని పెడితే మంచి చార్జర్ అది చల్లారేదాకా చార్జింగే మొదలుపెట్టదు, లైటు మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. చాలామంది చార్జర్ చెడిపోయిందనుకుంటారు. ఎండలో నిలిపిన బండిలో బ్యాటరీలు వదలొద్దు. మన కడప మే నెలలో రేకుల షెడ్డు కింద చార్జింగు పెట్టడమూ అంతే చేటు.

విమానం ఎక్కేటప్పుడు మిషన్‌ను పెద్ద పెట్టెలో వేసి, విడిగా తీసిన బ్యాటరీలను మాత్రం చేతి బ్యాగులో పెట్టుకోవాలి. బ్యాటరీ మీద రాసుండే వోల్టులను ఆంపియర్ అవర్లతో (Ah) గుణిస్తే వాట్ అవర్లు, అంటే అందులో పట్టే కరెంటు లెక్క, వస్తాయి. మామూలుగా 100 దాకా అడగకుండా తీసుకుపోవచ్చు, 100 నుంచి 160 మధ్య ఉంటే విమానం కంపెనీ అనుమతి కావాలి. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లది 90 కాబట్టి ఇబ్బంది లేదు. 6 ఆంపియర్ అవర్లదైతే 108 అవుతుంది, టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. మెటల్ టెర్మినళ్ల మీద టేపు వేయండి. ఇక్కడి కరెంటు 240 వోల్టులు, మనది 230, రెండూ 50 హెర్ట్‌జే కాబట్టి చార్జర్ మన ఇంట్లోనూ పనిచేస్తుంది. పిన్నులు మాత్రం పలకలుగా ఉంటాయి, అడాప్టర్ కావాలి. అమెరికాలో ఉన్నవాళ్లు తెచ్చేటట్టయితే చార్జర్ వెనక ఏం రాసుందో చదవాలి. 120 వోల్టులనే ఉంటే దాన్ని మన ప్లగ్గులో పెట్టకండి.