మోషేకు తెలియలేదు

సీనాయి కొండ మీద 40 పగళ్లు, 40 రాత్రులు దేవునితో గడిపి దిగి వచ్చిన మోషే ముఖం ప్రకాశించిందట, ఇశ్రాయేలీయులు దగ్గరకి రావడానికే భయపడ్డారు. ఆ సంగతి ఆయనకు మాత్రం తెలియదు (నిర్గమకాండము 34వ అధ్యాయం). నాకు ఎంతో ఇష్టమైన మాట ఇది.

మా శ్రీకాకుళం జిల్లాలో, ఉద్దానంలో, మా మామ్మలో అది కళ్లారా చూశాను. తెల్లవారకముందే లేచి చాప పరుచుకుని, అంచులు నలిగిన బైబిలు ఒళ్లో పెట్టుకుని, పెదవులు మాత్రమే కదుపుతూ చాలాసేపు అలా కూర్చునేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు మా తోట కూడా పోయింది. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు కదా, అందరితో పాటు తనూ ఏడ్చింది. విశ్వాసికి ఏడుపు రాదని ఎవరన్నారు? కానీ మర్నాడు ప్రార్థన నుంచి లేచి, గట్టు తగాదాతో ఎప్పుడో మాటలు మానేసిన పక్కింటికి తనే గంజి కాచి పట్టుకెళ్లింది. ఎవరూ చెప్పలేదు, పాస్టరుగారు కూడా చెప్పలేదు.

ఆదివారం ఆరాధన ఒక్కటే చాలదని నాకు అప్పుడే అర్థమైంది. ఇప్పుడు నేనూ పొద్దున్నే ఫోన్ పక్కన పెట్టి ప్రభువు దగ్గర కూర్చుంటున్నాను. ఆఫీసు టెన్షన్ అలాగే ఉంది, అప్పులూ ఉన్నాయి, కానీ ఎవరైనా ఒక మాట అంటే తిరిగి అనాలనే ఆత్రం మాత్రం తగ్గిపోతోంది. నిజంగా ఆయన పనే ఇది!

ప్రస్తుతం 27వ కీర్తన, రోజుకి ఒక్క వచనం చొప్పున చదువుతున్నాను. మీలో ఎవరైనా కలుస్తానంటే కామెంట్‌లో చెప్పండి, రేపటి నుంచే కలిసి చదువుదాం.