యాభై కిలోల బంగారం

వరంగల్ బీట్‌బజార్‌లో బెల్లం కొట్టాయన ముందు ఆధార్ కార్డు అడిగాడు. మేడారం జాతర పేరు చెప్పి గుడుంబా సారాకు కొనుక్కుపోతున్నారని ఈసారి ఎవరెంత కొన్నదీ రాసుకుంటున్నారు. నంబరు రాసుకుని, "మొక్కు ఎవలది సార్? కాంట మీద నిలవడుమనుండ్రి" అన్నాడు.

"మనిషి రాలేదు. యాభై కిలోలు తూకం వెయ్యండి."

"పిల్లలా?"

"కాదు, పెద్దోడే."

ఇంకేం అడగలేదు. దిమ్మెలు పేర్చి, చివర్లో ఒక ముక్క తీసి ఇంకో ముక్క పెట్టి, మీటరు మీద సరిగ్గా 50 పడేదాకా ఓపిగ్గా సరిచేశాడు. రెండు గోనె సంచుల్లో కట్టించుకుని ఆటోలో హన్మకొండలో చెల్లె ఇంటికి తీసుకుపోయాను. మేడారం పోయేవాళ్లకు బెల్లం బెల్లం కాదు, బంగారం. మనిషి బరువంత బెల్లం తూచి సమ్మక్క సారలమ్మలకు ఇవ్వడం నిలువెత్తు బంగారం మొక్కు. గద్దెల దగ్గర కొంత వేసి, మిగతాది ఇంటికి తెచ్చి వాడకట్టంతా పంచాలి.

చెల్లె సంచులు చూసి, "గీ పంచుడు యాడ పంచుతవ్ అన్నా?" అంది.

"ఊర్లె."

తను పొయ్యి వైపు తిరిగింది.

యాభై అన్న లెక్క నాకు బాగా గుర్తు. 1995లో నేనూ మా ఊరి దోస్తూ రిక్రూట్‌మెంటుకు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయాం. పరుగులో వాడే నాకంటే ముందు. తూకం దగ్గర ఆగిపోయాడు. 50 కిలోలు ఉండాలన్నారు, వాడు నలభై తొమ్మిదిన్నర ఉన్నాడు. అక్కడున్న హవల్దార్ మంచివాడు, లైను చివర్లో మళ్లీ రమ్మన్నాడు. నేను బయటికి ఉరికి డజను అరటిపండ్లు కొనుక్కొచ్చాను. పదకొండో పండుకు వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండోది నేనే నోట్లో కుక్కాను, పైనుంచి రెండు చెంబుల నీళ్లు తాగించాను. ముల్లు యాభై మీదికి వచ్చి నిలబడింది. ఆ సంగతి చెప్పుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నామో. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగు, ఆ తర్వాత ఒకే యూనిట్, ఒకే తోపు.

అప్పట్లో మా దిక్కు వయసొచ్చిన పిల్లగాడు ఊరు విడిచాడంటే అడవికి పోయాడనో, బొంబాయికో దుబాయికో పోయాడనో అనుకునేవాళ్లు. మిలిటరీకి పోయిన ఇద్దరంటే ఊళ్లో మేమిద్దరమే. 1998 జాతరకు సెలవు దొరికింది. గద్దె ముందు నిలబడి వాడే మొక్కాడు: మంచిగ తిరిగొస్తే 2000 జాతరకు ఇద్దరికీ నిలువెత్తు బంగారం. ఒక్క కాంట మీద ఇద్దరమూ నిలబడదాం, కొట్టాయన లెక్క తప్పాలి అన్నాడు.

1999 జూన్‌లో, కార్గిల్ యుద్ధంలో, మేం ద్రాస్‌లో ఉన్నాం. తోలోలింగ్ మన చేతికి వచ్చింది, టైగర్ హిల్ ఇంకా రాలేదు. పది వేల అడుగుల పైన ఊపిరి అందదు. ఆ రోజు లంగర్ నుంచి, అంటే మా వంటశాల నుంచి, రొట్టెలు, నీళ్ల క్యాన్లు మోసుకొచ్చే డ్యూటీ నాది. పొద్దున్నుంచి తల పగిలిపోతోంది, లేచి నిలబడితే వాంతి. తోపు దగ్గర మా కమాండర్ నన్ను పడుకోమని చెప్పి వాణ్ని పంపాడు. దారిలో వాగు దగ్గర వాడి మీద షెల్ పడింది.

ఇక్కడ దాచడానికి ఏమీ లేదు. శవపేటిక వెంట ఊరికి నన్ను పంపలేదు, తోపులు ఆగని రోజులవి. వారం తర్వాత చేతులు కొంచెం కుదుటపడ్డాక బాపుకు ఇన్‌లాండ్ లెటర్ రాశాను: "ఆ రోజు డ్యూటీ నాది. నా బదులు వాడు పోయిండు." కింద ఇంకో నాలుగు లైన్లు కూడా రాశాను. బాపుకు చదువు రాదు. ఉత్తరం పట్టుకుని హోటల్ దగ్గరికి పోతే, మూలింటి మామ అందరి ముందు పెద్దగా చదివాడు. ఊరికి రెండో లైను దాకానే వినపడింది. రోగం వచ్చినట్టు పడుకుని దోస్తును సావుకు పంపిండు, వాని రాతే సాక్ష్యం. అంతే, తీర్పు అయిపోయింది. మిలిటరీలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఊరి విచారణలో నేను లేను, నా ఉత్తరం ఉంది.

డిసెంబరులో సెలవు మీద పోతే చిన్నమ్మ, అంటే వాళ్ల అమ్మ, నన్ను చూసి తలుపు వేసుకుంది. 2006లో బాపు పోయినప్పుడు పాడె పట్టడానికి నలుగురు కుదరలేదు, బావమరిది దోస్తులు హన్మకొండ నుంచి వచ్చి పట్టారు. అమ్మ చెల్లె దగ్గరికి వచ్చేసింది. 2012లో పింఛను మీద బయటికొచ్చి నేను హైదరాబాద్‌లో అల్వాల్ దిక్కు స్థిరపడ్డాను. 2000 నుంచి 2022 దాకా పన్నెండు జాతరలు జరిగాయి. పన్నెండు సార్లూ ఏదో ఒక సాకు దొరికింది. వాడు మంచిగ రాలేదు కదా, మొక్కు ఎట్లా చెల్లుతుంది అన్నది అందులో అన్నిటికంటే తెలివైన సాకు. నేను వచ్చాను కదా మరి.

2024 ఫిబ్రవరి 22, గురువారం పొద్దున్నే హన్మకొండలో మేడారం బస్సెక్కాను. సంచీలో పది కిలోల బంగారం, ప్లాస్టిక్ కవర్లో ఆనాటి మెడికల్ కాగితం జిరాక్సు. ఎవరైనా అడిగితే చూపిద్దామని దాన్ని ఇరవై అయిదేళ్లుగా ఎక్కడికి పోయినా మోస్తున్నాను. బస్సు నిండా ఆడవాళ్లే, అందరివీ జీరో టికెట్లు. డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నందుకు కండక్టరమ్మ నాకు దండం పెట్టినంత పని చేసింది.

ములుగు రోడ్డు మీదే మా ఊరి స్టేజీ. స్పెషల్ బస్సులు అక్కడ ఆగవని ధీమాగా ఉన్నాను. ఆత్మకూరు దిక్కు వచ్చేసరికి జనం రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. డ్రైవర్ తిట్టుకుంటూ ఆపాడు. ఎక్కినవాళ్లలో ఒక ముసలమ్మ నా ముందు కడ్డీ పట్టుకుని నిలబడింది. గుర్తుపట్టాను, మా వెనక వాడ అవ్వ. లేచి, "కూసో అవ్వా" అన్నాను. ఆమె మొహంలోకి చూసింది. సీటు వైపు చూసింది. మళ్లీ బయటికి చూసింది.

పక్కనున్న పిల్ల అడిగింది, "ఎవలవ్వా?"

"గా మిలిటరాయన."

ఆ మాట అన్న తీరుకే పిల్లకు అంతా అర్థమైనట్టుంది. అవ్వ కూర్చోలేదు. డెబ్బై ఏళ్ల మనిషి, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో కోడిపుంజు. నేనూ కూర్చోలేకపోయాను. ఇద్దరి మధ్యా సీటు ఖాళీ. గట్టమ్మ దగ్గర బస్సు ఆగింది, మేడారం పోయేవాళ్లు తొలి మొక్కు అక్కడ చెల్లించాల్సిందే. అందరం దిగి కొబ్బరికాయలు కొట్టి ఎక్కేసరికి ఎవరో పరాయి ఊరావిడ ఆ సీట్లో పిల్లాణ్ని పడుకోబెట్టేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పస్రా దాటాక అడవి, ఎర్రదుమ్ము, ఎటు చూసినా బండ్లు.

జంపన్న వాగు ఒకప్పటి సంపెంగ వాగు. లక్నవరం చెరువు నుంచి నీళ్లు వదిలారట, మోకాలి దాకా పారుతోంది. కాకతీయుల సైన్యంతో పోరులో ఓడిపోయి, ఆ అవమానం తట్టుకోలేక సమ్మక్క కొడుకు జంపన్న ఇందులోనే దూకి ప్రాణం విడిచాడని చెప్తారు. కరువులో కప్పం కట్టలేదని ప్రతాపరుద్రుడు దండెత్తిన కథ అది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, బిడ్డలు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు అందరూ పోయారు. వెన్నులో బల్లెం దిగిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది, వెతికినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది. మూడు మునకలు వేసి ఒడ్డున బట్టలు పిండుకుంటుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆ పోరు నుంచి ఎవడో ఒకడు బతికి ఊరికి తిరిగొచ్చే ఉంటాడు. వాడి కథ ఎవరూ చెప్పరు. వాడికి గద్దె కూడా లేదు.

సాయంత్రం చిలకలగుట్ట వైపు జనం ఒక్కసారి ఆగినట్టు అయింది. కోయ పూజారులు అమ్మను తీసుకుని గుట్ట దిగితే జిల్లా ఎస్పీ గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం చెప్పడం ఆనవాయితీ. నాకు తెలుసు. తెలిసి కూడా మొదటి తూటాకు నేల మీద కూర్చుండిపోయాను, రెండు చేతులూ నెత్తి మీద. చుట్టూ శివసత్తుల శిగాలు, డోలు చప్పుళ్లు, పైకి ఎగిరే ఎదురుకోళ్లు. నన్ను చూసి ఒకాయన పూనకం అనుకున్నాడు, నుదుట పసుపు రాసి, "తల్లీ, శాంతించు" అన్నాడు. కాదని చెప్పలేదు.

గద్దెల దగ్గర నేల మీద కాళ్లు ఆనవు, జనమే మోసుకుపోతారు. లోపల ఉన్న వాలంటీర్లు, పోలీసులు హెల్మెట్లు పెట్టుకుని ఉన్నారు. ఎగిరొచ్చే కొబ్బరికాయలు, బెల్లం ముద్దలు నెత్తి పగలగొడతాయి మరి. షెల్లింగ్‌లో ఇదే జాగ్రత్త మాకు నేర్పారు. గద్దె మీది వెదురు గడ కనపడగానే వాడి పేరు, వాళ్ల ఇంటి పేరుతో సహా గట్టిగా అరిచి బంగారం విసిరాను. ఆ పేరు నోటితో అని ఎన్నేళ్లయిందో, గొంతు చీలిపోయింది. తోపులాటలో ఒక హెల్మెట్ కుర్రాడు గద్దె మీది బంగారం గుప్పెడు నా చేతిలో పెట్టి బయటికి నెట్టాడు.

శనివారం ఆ గుప్పెడును మిగతా నలభై కిలోల్లో కలిపి ఆటో మాట్లాడుకున్నాను. చెల్లె వస్తానంది, వద్దన్నాను. బడి ముందు వాడి విగ్రహం ఉంది. మీసం పెట్టారు. వాడికి మీసం ఎప్పుడూ సరిగ్గా రాలేదు.

చిన్నమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు కొడుతోంది. చూపు తగ్గినట్టుంది, నేను గడప దగ్గరికి వచ్చాక గానీ తల ఎత్తలేదు.

"ఎవలది?"

పేరు చెప్పాను. చేతిలో రాయి ఆగింది.

"ఎందుకొచ్చినవ్?"

"వాని మొక్కు ఉండె చిన్నమ్మా. సమ్మక్కకు నిలువెత్తు. తీర్చుకొచ్చిన."

చాలాసేపు మాట్లాడలేదు. ఒక చింతకాయ కొట్టి గింజ తీసి పక్కన వేసింది. కవరు సంచీలోనే ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. ఉత్తరం గురించి అడుగుతుంది, తీసి చూపిస్తాను, కమాండర్ పంపాడని చెప్తాను, వాంతుల సంగతి చెప్తాను.

"ఎన్ని కిలోలు తూచినవ్?"

"యాభై."

"వాడు యాభై యాడుండె? నలభై తొమ్మిదిన్నర."

నేను నిలబడిపోయాను.

"పన్నెండు అరటిపండ్లు తినవెట్టినవట గదా. ట్రైనింగుకు పోయే ముందు నవ్వుకుంట చెప్పిండు నాకు. గా ఉత్తరం ముచ్చట ఊరోళ్లది. లడాయిల ఎవలో ఒకలు పోతరు, నాకు తెల్వదా? ఆ పండ్లు కొనకుంటే, నా కొడుకు ఆ రోజు పొద్దుగూకేసరికి ఇంటికొస్తుండె."

దీనికి నా దగ్గర కాగితం లేదు.

ఆమె గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందనుకున్నాను. చాట తెచ్చింది. సంచీ విప్పమని చేత్తో సైగ చేసి, చాట నిండా పోయించి, ఒక చిన్న ముక్క తీసి కళ్లకు అద్దుకుని నోట్లో వేసుకుంది.

"పొద్దుగూకక ముందే పంచు. మూలింటికాడ మొదలువెట్టు. నేను రాను, మోకాళ్లు నొస్తున్నయ్."

మూలింటికి ముప్పై అడుగులు ఉంటుందేమో. వాకిళ్లలో ఉన్నవాళ్లు చూస్తున్నారు. బస్సులో నిలబడే వచ్చిన అవ్వ కూడా ఉంది. మామ చాలా ముసలివాడైపోయాడు, కుర్చీలో టీవీ ముందు ఉన్నాడు. నేను వాకిట్లో నిలబడి, "సమ్మక్క బంగారం" అన్నాను. అంతకంటే ఏం అనాలో తోచలేదు.

కళ్లద్దాలు సర్దుకుని నన్ను చూశాడు, చాటను చూశాడు, వీధి చివర అరుగు మీద నిలబడి ఉన్న చిన్నమ్మను చూశాడు. మెల్లగా లేచాడు. చెప్పులు విడిచాడు. భుజం మీది తువ్వాల తీసి రెండు చేతుల మీద పరిచాడు.

"కొంచెం ఎక్కువ పెట్టు," అన్నాడు. "మనుమరాలు లేదు, రేపొస్తది."